ఈవిడ పర్లేదు

“అక్కడ నా గురించి ఏం చెప్తున్నావు?” అని తల్లి అడిగిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టినా తగువులాగే వినిపిస్తోంది.

చిన్నది కంచంలో సగం అన్నం వదిలేసి, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ గది తలుపుకి గడియ లేదు. ఆసుపత్రి నుంచి పిల్లని ఇంటికి తెచ్చిన రోజే మాస్టారు స్క్రూలు విప్పి గడియ తీసేశాడు. అందుకని ఆ అమ్మాయికి కోపం వస్తే తలుపు దగ్గరగా నెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

“ఎందుకడిగావు?” అన్నాడు మాస్టారు.

“అడగకూడదా? కన్నతల్లిని.”

“అడగొద్దనే కదా ఆ మేడమ్ చెప్పి పంపింది.”

“ఆ మేడమ్ నిన్న గాక మొన్న వచ్చింది. నేను దీన్ని కన్నదాన్ని.”

మాస్టారు బళ్ళో లెక్కలు చెప్పే మనిషి. ఒకప్పుడు ఏ గొడవనైనా ఎడమ పక్క ఇది, కుడి పక్క ఇది అని విడదీసి తేల్చేసేవాడు. పెద్దాడు పోయాక ఆ ఉత్సాహం పోయింది. ఇప్పుడు భార్య గొంతు పెరిగితే చొక్కా తొడుక్కుంటాడు. ఆ పూటా తొడుక్కున్నాడు.

ఆమెని వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. ఇంటి కిందే ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే పార్లరు. నోరూ కత్తెరా ఒకే వేగంతో ఆడతాయని పేరు. ఆ నోటికి వీధి భయపడుతుంది. ఇప్పుడు ఆ నోటికి ఆమే భయపడుతోంది గాని, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే బైకు మీద వెళ్ళి, చెల్లెలొక్కతే తిరిగొచ్చి రెండేళ్ళు కావస్తోంది. ఆ తిరిగొచ్చిన పిల్ల కూడా మొన్న ఎండాకాలంలో చావబోయి బతికింది. తిండి వికటించిందని వీధి వీధంతా చెప్పుకొచ్చింది కత్తెరమ్మ. వీధి నమ్మినట్టు నటించింది. వీధులకి ఆ మాత్రం మర్యాద తెలుసు.

మందులిచ్చిన డాక్టరు, మందులొక్కటే చాలవు, కూర్చుని మాట్లాడే మనిషి కావాలన్నాడు. అప్పట్నుంచి మొదలైంది ఆ మనిషి కోసం వెతుకులాట.

మొదటాయన పెద్ద పేరున్నవాడు. పొద్దున్నే లేవమన్నాడు, నడవమన్నాడు, మంచి ఆలోచనలు చెయ్యమన్నాడు. చిన్నది రెండుసార్లు వెళ్ళి, ఆ మాటలు క్యాలెండరు వెనక కూడా ఉంటాయంది. రెండో ఆయన పిల్లని బయట కూర్చోబెట్టి తల్లిని లోపలికి పిలిచి, పిల్ల చెప్పిందంతా పూసగుచ్చినట్టు అప్పజెప్పాడు. కత్తెరమ్మకి ఆయన బాగా నచ్చాడు. చిన్నది మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. మూడో ఆవిడ మెత్తటి మనిషి. చిన్నది తన అన్న సంగతి ఎత్తగానే తనే ఏడ్చేసింది. ఆవిణ్ణి ఓదార్చి వచ్చేసరికి తనకి ఓపిక అయిపోయిందని చిన్నది తండ్రితో చెప్పుకుంది.

“చెప్పులు కొన్నట్టు ఎంతమందిని మారుస్తావే” అంది తల్లి.

“కరిచే చెప్పులేసుకుని నడవమంటావా?” అన్నాడు మాస్టారు. అది ఆ నెలలో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం.

నాలుగో ఆవిడే ఈ మేడమ్. ఆవిడ దగ్గర్నుంచి వచ్చిన మొదటి రోజు చిన్నది మెట్ల మీదే ఆగి, “ఈవిడ పర్లేదు” అంది. ఆ మాటకి మాస్టారు వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పిల్ల నోట ఒక మనిషి గురించి గాని, ఒక పూట గురించి గాని పర్లేదు అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. ఆ తర్వాత వారం వారం వెళ్ళి వస్తోంది. వచ్చిన రోజు కాస్త తింటోంది. ఒకసారి నవ్వింది కూడా.

ఆ నవ్వు దగ్గరే కత్తెరమ్మకి గుండెల్లో రాయి పడింది. అంత తేలికపడిందంటే అంతా చెప్పేసిందన్న మాట. అంతా అంటే ఆ మాట కూడానా?

ఆ మాట బైకు ప్రమాదం జరిగిన రోజు ఆసుపత్రి వరండాలో అన్నది. పెద్దాడు ఇక లేడని అప్పుడే చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. చెయ్యి విరిగిన చిన్నదాన్ని స్ట్రెచర్ మీద తోసుకొస్తున్నారు. కళ్ళు మూసుకుని ఉంది. “తీసుకుపోతే దీన్ని తీసుకుపోకూడదా దేవుడా” అంది తల్లి. గట్టిగానే అంది. మాస్టారు అప్పుడు కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వెళ్ళాడు. విన్నది స్ట్రెచర్ తోసేవాడూ, గోడలూ.

చిన్నది విందా లేదా? రెండేళ్ళుగా కత్తెరమ్మకి ఉన్న ప్రశ్న అదొక్కటే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. విని ఉండకపోతే తీసుకోవలసిన పనే లేదు. విని ఉంటే, ఎండాకాలంలో ఆ పిల్ల చేసిన పనికి కారణం ఎవరు? ఆ ప్రశ్న అక్కడిదాకా వచ్చేసరికి ఆమె లేచి ఏదో ఒక పని వెతుక్కునేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంట్లో ఎవరు గుసగుసలాడినా తన గురించే అనుకునేది.

పార్లరు వృత్తిలో ఒక పద్ధతుంది. పక్క వీధిలో కొత్త పార్లరు తెరిస్తే, అక్కడ పని ఎలా ఉందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగరు. మామూలు కస్టమరులా వెళ్ళి కుర్చీలో కూర్చుంటారు. వేళ్ళు తలమీద పడగానే అవతలి మనిషి పనితనం తెలిసిపోతుంది. రెండు మాటలు కలిపితే ఆ షాపు గుట్టు కూడా తెలుస్తుంది. కత్తెరమ్మ ఈ పనిలో ఆరితేరింది. మేడమ్ సంగతి కూడా అలాగే తేల్చుకోవచ్చనిపించింది.

సోమవారం పార్లరుకి సెలవు. మాస్టారు బడికి వెళ్ళాడు. చెల్లెల్ని చూసొస్తానని చెప్పి, ఎప్పుడూ వేసుకునే ముడి విప్పి జడ వేసుకుని, మేడమ్‌కి ముందే ఫోన్లో చెప్పుకున్న వేరే పేరుతో బయల్దేరింది.

కళ్ళద్దాల షాపు మీద రెండో అంతస్తు. చిన్న హాలు, ఒక బెంచీ, లోపల గది. గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త ఓరగా వేసి ఉన్నాయి. మొహంలోకి చూడాలనుకుంటే చూడొచ్చు, వద్దనుకుంటే కిటికీ చూసుకోవచ్చు. ఏర్పాటు తెలివైనదే అనుకుంది కత్తెరమ్మ. మేడమ్ నలభై దాటిన మనిషి. జుట్టు మెడ దాకా ఉంది, ఎడమ పక్క వేలి మందం పొడుగెక్కువ. అద్దం ముందు తనే కత్తిరించుకుని ఉంటుంది. ఆ వంకర చూసి కత్తెరమ్మకి ధైర్యం వచ్చింది.

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని మొదలుపెట్టింది. కాసేపు మోకాళ్ళ నొప్పులు చెప్పింది. మేడమ్ వింటూ కూర్చుంది. తొందరపెట్టలేదు, సలహా ఇవ్వలేదు. ఇలా అయితే లాభం లేదని కత్తెరమ్మ అసలు సంగతిలోకి దిగింది. ఇక్కడికొచ్చే పిల్లలంతా తల్లుల మీద చాడీలే చెప్తారేమో కదా అని నవ్వుతూ అడిగింది.

“ఇక్కడ చెప్పినవి ఇక్కడే ఉంటాయండి. మీవి కూడా” అంది మేడమ్.

కత్తెరమ్మ ఆ మాట నమ్మలేదు. తన కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ ఆమె ఆ మాటే చెప్తుంది. ఒక్కసారి నిలబెట్టుకున్న పాపాన పోలేదు.

“ఇంట్లో ఎవరెవరుంటారు?” అని అడిగింది మేడమ్.

“నేనూ, మా ఆయనా.”

“పిల్లలు?”

దానికి ఆమె జవాబు తయారుచేసుకురాలేదు. కూతురుందంటే ఏం చేస్తుంది, ఎన్నేళ్ళు అని అడుగుతుంది. అడిగితే దొరికిపోతుంది. “ఒక్కడే” అంది. తర్వాత, “పోయాడు” అంది.

అంతే. ఆ తర్వాత జరిగింది ఆమె చేతుల్లో లేదు. కడుపులోంచి తన్నుకొచ్చిన ఏడుపు అది. వాడి కర్మలన్నీ జరిగినన్నాళ్ళూ వచ్చిన వాళ్ళకి మర్యాదలు చేస్తూ తిరిగింది, ఏడవలేదు. ఏడిస్తే చిన్నది చూస్తుందని ఏడవలేదు. చిన్నదాన్ని చూస్తే ఏడుపుకి బదులు కోపం వచ్చేది, ఆ కోపం కనపడకూడదని వంటింట్లోకి పోయేది. ఆ గదిలో చిన్నది లేదు. చిన్నది అసలు పుట్టనే లేదు. వాడొక్కడే ఉన్నాడు. వాడు అన్నం కలిపితే మెతుకులు కంచం చుట్టూ ఎలా పడేవో, స్నానం చేసి తడి కాళ్ళతో ఇల్లంతా ఎలా తిరిగేవాడో, పార్లరులో కూర్చున్న ముసలమ్మల్ని ఎలా నవ్వించేవాడో గంటసేపు చెప్పింది. మేడమ్ మధ్యలో రెండే మాటలడిగింది. ఆ రెండూ అడగవలసినవే.

మెట్లు దిగుతూ, ఈవిడ పర్లేదు, అనుకుంది.

చూసి రావడం అయిపోయింది. ఇక వెళ్ళక్కర్లేదు. ఆ సంగతి తనకీ తెలుసు. మళ్ళీ సోమవారం వచ్చేసరికి ముడి విప్పి జడ వేసుకుంది. తను అడగడానికి వెళ్ళిన ప్రశ్న ఆ రెండోసారి గుర్తే రాలేదు.

ఇంట్లో కూడా తేడా కనిపించింది. కత్తెరమ్మ కంచాలు విసరడం మానేసింది. పార్లరులో పాటలు పెట్టింది. కూతుర్ని కూర్చోబెట్టి, చాన్నాళ్ళుగా పట్టించుకోని ఆ జుట్టు చివర్లు కత్తిరించింది. చిన్నది అద్దంలో తల్లి మొహం చూస్తూ కూర్చుంది. ఆ పిల్లకి ఆశ పుట్టింది. పాపం, పుట్టకుండా ఉండాల్సింది.

ఆదివారం మధ్యాహ్నం తువ్వాళ్ళు మడతపెడుతున్న తల్లి పక్కన వచ్చి కూర్చుంది. తనూ ఒకటి తీసుకుని మడతపెట్టింది.

“అమ్మా, ఈ గురువారం నాతో వస్తావా?”

“ఎక్కడికి?”

“మేడమ్ దగ్గరికి. నిన్నొకసారి తీసుకురమ్మంది. నేను సరేనన్నాను.”

కత్తెరమ్మ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. కూతురు తనంతట తాను వచ్చి పక్కన కూర్చున్నది ఎన్నాళ్ళకో. ఏ తల్లయినా ఎగిరి గంతేసేది. కాని తను ఆ గుమ్మంలో అడుగుపెట్టగానే మేడమ్ గుర్తుపడుతుంది. పిల్లల్లేని తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిందేమిటని చూస్తుంది.

“గురువారం పెళ్ళికూతురి పని ఒప్పుకున్నానే. కుదరదు.”

“పోనీ పై వారం?”

“చూద్దాం. ఇప్పుడే ఏం చెప్తాను? అయినా నాకెందుకే అవన్నీ. నువ్వెళ్తున్నావు కదా, చాలు.”

చిన్నది మడతపెట్టిన తువ్వాలు దొంతర మీద పెట్టింది. “సరే” అంది. లేచి వెళ్ళిపోయింది. తన వెనక ఆ పిల్ల మొహం ఎలా ఉందో కత్తెరమ్మ చూడలేదు, చూస్తే ఒప్పేసుకుంటానని.

గదిలోకి వెళ్ళిన చిన్నది మేడమ్‌కి ఫోన్ చేసింది. గురువారం దాకా ఆగలేనంది. అయితే రేపు సోమవారం ఒకరు వెళ్ళాక ఖాళీ ఉంది, రమ్మంది మేడమ్. ఆ సంగతి మాస్టారికి మాత్రం చెప్పింది. మాస్టారు భార్యకి చెప్పలేదు. చెప్తే మళ్ళీ ఏమడుగుతుందో అని.

ఆ సోమవారం కత్తెరమ్మ గంట పూర్తి చేసుకుని, కొంగుతో మొహం ఒత్తుకుంటూ తలుపు తీసింది. హాల్లో బెంచీ మీద కూతురు కూర్చుని ఉంది.

చిన్నది తల్లి ఎర్రటి కళ్ళ వంకా, ఎప్పుడూ లేని ఆ జడ వంకా చూసింది. వెనకే తలుపు దాకా వచ్చిన మేడమ్, “లోపలికి రా” అని చిన్నదాన్ని పిలిచింది.

“ఈవిడ మా అమ్మ” అంది చిన్నది.

మేడమ్ ఒక్క క్షణం తడబడింది. ఎవరి రహస్యాన్నీ పెదవి దాటనివ్వని మనిషే. కాని ఆ మొహం తెల్లబోయింది, చూపు తల్లి మీద నుంచి కూతురి మీదికి వచ్చి నేల మీదికి జారింది. మనుషుల మొహాలు చదువుతూ రెండేళ్ళు బతికిన పిల్లకి ఆ క్షణం చాలు. బెంచీ మీద నుంచి లేచింది. మేడమ్ పేరు పెట్టి పిలిచినా ఆగకుండా మెట్లు దిగింది.

ఇంటిదాకా చిన్నది ముందు నడిచింది, కత్తెరమ్మ వెనక. ఎండలో ఎదురైన వాళ్ళు పలకరించినా ఆమె పలకలేదు. ఆ వీధికి అదే వింత.

మాస్టారు అప్పుడే బడి నుంచి వచ్చి చొక్కా విప్పుతున్నాడు. ఇద్దరి మొహాలూ చూసి మళ్ళీ బొత్తాలు పెట్టుకోబోయాడు. “నువ్వు వెళ్ళకు నాన్నా” అంది చిన్నది. ఆయన ఆగిపోయాడు.

సోమవారం సోమవారం వెళ్తోందన్న విషయం బయటపడటానికి ఎంతోసేపు పట్టలేదు. కూతుర్ని పంపే చోటు ఎలాంటిదో చూసి రావద్దా అని కత్తెరమ్మ తన పార్లరు పద్ధతంతా ఏకరువు పెట్టింది. మొదట గొంతు పెంచి చెప్పింది, ఎవరూ ఎదురాడకపోవడంతో తగ్గించింది.

“చూసి రావడానికి ఒకసారి చాలు” అన్నాడు మాస్టారు.

అక్కడ నాకు బాగుందండీ అని చెప్పొచ్చు. అది నిజం. కాని కూతురికి దొరక్క దొరక్క దొరికిన ఒక్క కుర్చీలో తను కూర్చుని బాగుందనడం ఏ నోటితో? కాలుతున్న ఇంటి దగ్గర చలి కాచుకున్నట్టుంటుంది.

“తెలుసుకోవాల్సింది ఉంటే నన్నడగాల్సింది” అంది చిన్నది. గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండును. “స్ట్రెచర్ మీద నాకు స్పృహ ఉందమ్మా.”

కత్తెరమ్మ జడని లాగి ముడి చుట్టుకుంది.

“స్ట్రెచర్ మీద ఏమైంది?” అన్నాడు మాస్టారు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన మళ్ళీ అడగలేదు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో తనకి తెలియని దేని చుట్టూ నడుస్తున్నాడో ఆయనకి అప్పుడు లీలగా అర్థమైనట్టుంది, పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాడు.

కూతురికి ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది కత్తెరమ్మకి. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకునేదే. అలా అడిగేవాళ్ళు లేక, చేతికందిన మాట ఇచ్చింది.

“నీ సంగతి ఒక్క ముక్క ఆవిడతో అనలేదే. ఒట్టు. నువ్వు చెప్పుకున్నవి చెడగొట్టలేదు. పిల్లలెంతమందని అడిగితే కూడా ఒక్కడే అన్నాను. నువ్వున్నావనే తెలియనివ్వలేదు.”

ఎండ తగలకుండా బిడ్డకి కొంగు కప్పిన తల్లిలా చెప్పింది. చెప్పాక ఆ మాట ఆమె చెవినా పడింది.

చిన్నది తల్లికి ఎదురుగా వచ్చి నిలబడింది.

“నేనూ ఆవిడకి అదే చెప్పానమ్మా. మొదటి రోజే. మా అమ్మకి ఒక్కడేనండి, వాడు పోయాడు అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. నీ బాధ అలా అనిపిస్తోంది, మీ అమ్మ అలా అనుకోదు అంది. వారం వారం అదే మాట. చివరికి, అమ్మని తీసుకురా, ఆవిడ నోటితోనే విందాం అంది.” ఆగింది. “విందిగా. పాపం, ఆవిడకి తెలియలేదు నా గురించేనని.”

నేనెవరో తెలియకూడదని అన్నానే, ఉత్తి మాటే అది. ఆ వాక్యం కత్తెరమ్మ నోటిదాకా వచ్చింది. అది నిజమే కూడా. కాని ఆ గదిలో ఒక్కడే అన్నప్పుడు తన నాలుక ఎక్కడా తడబడలేదనీ, ఆ గంటసేపూ అబద్ధమాడుతున్నానన్న ఊహే రాలేదనీ, రెండేళ్ళలో తన ప్రాణం హాయిగా ఉన్నది ఆ గంటేననీ ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. వీధంతా భయపడే నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

“చెప్పు” అన్నాడు మాస్టారు. “అది అబద్ధమని దానికి చెప్పు.”

చిన్నది ఎక్కడికీ వెళ్ళలేదు. తల్లి చెప్పబోయే మాట కోసం చూస్తూ నిలబడింది.